లేచిన ఊరి పన్ను

మనిషి ఏ రాష్ట్రంలో నిద్ర లేస్తే ఆ రాష్ట్రానికే ఆదాయపు పన్ను. ఆ లెక్క ఇళ్ళే పంపుతాయి. ఉద్యోగం కోసం బళ్ళారికి మారి ఏడాదైనా నా వరంగల్ ఇల్లు నన్ను వదల్లేదు, అక్కడే లేస్తున్నట్టు లెక్క పంపుతూనే ఉంది. రెండు చోట్లా కట్టలేక, సెలవు పెట్టి వరంగల్ పన్నుల ఆఫీసుకు వెళ్ళాను.

"రోజూ పొద్దుగాల ఆరింటికి ఆ ఇంట్ల మీ గొంతు ఇనబడుతుంది సార్," అంది గుమాస్తా సరళమ్మ.

నిజమే. నా భార్య వినోద బతికుండగా ఆ ఇంటికి తన గొంతుతో మేలుకొలుపు నేర్పింది. ఆమె పోయాక కూడా ఇల్లు అలాగే పిలుస్తోంది. నేను బళ్ళారి నుంచి ఫోనులో విని, "లేచిన" అంటాను.

ఆ సంగతి సరళమ్మకు చెప్పాను. "ఇంట్లకెళ్ళి మా ఆమె గొంతు తీసేయాల్నా అమ్మా?"

"ఎందుకు సార్? మీరు బదులియ్యకుండ్రి, గంతే. వినుడుకు పన్ను లేదు."

మర్నాడు బళ్ళారి గదిలో ఫోను చెవికి ఆనించుకున్నాను.

"ఏమండీ, లేచిన్రా?"

అలవాటుగా తెరుచుకున్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వినోద ఏనాడూ ఒక్క పిలుపుతో ఊరుకునేది కాదు. ఏడాదిగా తొందరపడి జవాబు చెబుతూ, ఆ సంగతే మరిచిపోయాను.

"చాయ్ సల్లగైతది, లేవరాదుండ్రి!"