పాలు కారని కాడలు

ఆ ఏటి ఎండలకు పెరడంతా మాడినా, గోడవార గంగపాయల మొక్క ఒక్కటే నేలనంటి పచ్చగా పాకింది. గింజ దొరక్క నకనకలాడుతున్న కోడిపిల్లలు దాని మీదికి ఉరికితే, మచ్చల పెట్ట అడ్డం పడింది.

"ఆగండర్రా! విషపు మొక్క కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. తుంచితే పాలు కారాయా, ప్రాణం తీసేదే!"

ఒక కాడ తుంచింది. నీళ్లే కారాయి. నమ్మకం చాలక, దాన్ని కాలే బండ మీదికి విసిరి ఇంకోటి తుంచింది.

"ఒక్కటి చూస్తే చాలదా తల్లీ? వాన లేకున్నా బతికాను గానీ, నీ అనుమానానికి బతకలేను" అంది మొక్క.

"పిల్లలతల్లిని, నా భయం నాది" అంటూ మూడు పగళ్లు తుంచుతూనే ఉంది. కాడలన్నీ బండ మీద వరుగులైపోయాయి.

మూడోనాటి సాయంత్రం ఆఖరి కాడ కూడా చూసి, "అమ్మయ్య, అంతా మంచిదే! ఇక తినండర్రా" అని పిలిచింది.

గోడవార ఒరిగిన పిల్లల్లో ఒక్కటీ లేవలేదు.