డిసెంబర్ సీటు

“అయితే డిసెంబర్లోనే తేలిపోద్దా పాపా?”

చపాతీ పిండి కలుపుతున్న చెయ్యి ఆపి అడిగింది సుబ్బాయమ్మ. వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న శాంతిప్రియ తలూపింది.

శాంతిప్రియది పన్నెండో క్లాసు. కాలేజీకి రెండు దారులున్నాయట. ముందుగానే ఒక్క కాలేజీకి పెట్టుకుంటే డిసెంబర్లో చెప్పేస్తారు. కాకపోతే సీటొస్తే ఇక మాట మార్చకూడదు, అక్కడికే వెళ్ళాలి, ఆ మేరకు తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టాలి. లేదంటే అందరిలాగే పది కాలేజీలకు పెట్టుకుని మార్చి దాకా కాచుక్కూర్చోవాలి. వాళ్ళమ్మ, అంటే మేడమ్, మార్చి దాకా ఆగమంటోంది. తల్లీకూతుళ్ళు వారం రోజులుగా ఆ అబుదాబీ ఫ్లాటు అదిరిపోయేలా ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నారు.

ఆ ఇంగ్లీషులో సుబ్బాయమ్మకు అర్థమైనవి నెలల పేర్లే. ఆమెకు కావలసినవీ అవే.

రాజోలులో ఆమె కూతురు ప్రేమకు ఫిబ్రవరిలో కాన్పు. తొలిచూలు, పుట్టింట్లో తల్లి చేతుల మీదుగా జరగాలి. కరోనా రోజుల్లో ఆ పిల్ల పెళ్ళే ఫోన్లో చూసింది, ఇదీ ఫోన్లోనే చూడమంటే ఆమె వల్ల కాదు. కానీ పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది. ఎప్పుడడిగినా ఒకటే జవాబు. ప్రియకు కాలేజీ ఖాయమైన రోజున ఇచ్చేస్తాను, అదెళ్ళిపోయాక నీతో నాకు పనేముంది, అని. ఈ సంగతి పాప చెవిన పడిందో, పాస్‌పోర్టు అసలు చేతికే రాదని కూడా చెప్పింది.

“నువ్వు చెప్పు సుబ్బూ, నేనేం చెయ్యను?”

తన మూడో ఏట నుంచీ ఏది తోచకపోయినా ఈ పిల్ల ఆమెనే అడుగుతుంది.

“నీ మనసుకు నచ్చిన కాలేజీ ఒకటుందా?”

“ఉంది.”

“మరింకేంటమ్మా. దానికే ఎట్టేసెయ్.”

“తర్వాత అయ్యో అనిపిస్తే?”

సుబ్బాయమ్మ తల దించుకుని పిండి పిసికింది. పదిహేడేళ్ళ పిల్ల, అనిపించవచ్చు. “అనిపించదులే,” అంది.

ఇక మిగిలింది మేడమ్ సంతకం. మర్నాడు టీ ఇస్తూ సుబ్బాయమ్మ గొంతు తగ్గించింది. పాప రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని, బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడుస్తోందని, టిఫిన్ డబ్బా తీసుకెళ్ళింది తీసుకెళ్ళినట్టే తెస్తోందని చెప్పింది. ఒక్కటీ నిజం కాదు. అయినా మేడమ్ కదలలేదు.

“పక్క బిల్డింగు మీంచి దూకేసిన పిల్ల సంగతి మీకు తెలుసు గదండీ,” అంది సుబ్బాయమ్మ.

మేడమ్ కప్పు కింద పెట్టేసింది. ఆ సాయంత్రమే సంతకమైంది. సుబ్బాయమ్మ వంటింట్లోకి వెళ్ళి చెంపలేసుకుంది, ఆ తర్వాత ప్రేమకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పింది. కాన్పు తామే చేయిస్తామన్న అత్తగారిని ప్రేమ వద్దని ఆపేసింది. సూట్‌కేసులో పసిపిల్లల సబ్బులూ చిన్న చిన్న సాక్సులూ చేరాయి.

డిసెంబర్లో ఓ సాయంత్రం ప్రియ గదిలోంచి కేక వినబడింది. సీటొచ్చింది. మేడమ్ ఆఫీసులో ఉన్న భర్తకు ఫోన్ చేసి చెప్పి పెట్టేసింది. ఆమె మొహంలో పెద్ద సంతోషమేమీ లేదు. సుబ్బాయమ్మ అదేమీ చూసుకోలేదు. కళ్ళ నీళ్ళు ఆగడం లేదు, చేతులు తుడుచుకుంటూ ఆమె ముందుకొచ్చి నిలబడింది.

“మేడంగారండీ, మరి నా...”

మేడమ్ చూపు తిప్పుకుంది. “దీనికి నువ్వే చెప్పుకో,” అంది కూతురితో.

ప్రియ పరుగెత్తుకొచ్చి సుబ్బాయమ్మ మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా వాటేసుకుంది.

“ఏడుస్తావేంటి సుబ్బూ, నేనెక్కడికీ వెళ్ళట్లేదు. రోజూ ఇంటి నుంచే కాలేజీకి. నీ కోసమే ఈ ఊళ్ళో దానికి పెట్టాను.”