తలూపే బాతు

కప్పల బడిలో పాఠాలన్నీ కప్పభాషలోనే. మంచుదేశం నుంచి చదువుకోవడానికొచ్చిన బాతు, పంతులు "అర్థమైందా?" అన్నప్పుడల్లా తలూపేది. పరీక్షలో మాత్రం సున్నా.

"ఒట్టి మొద్దు," అని తేల్చేశాడు కప్ప పంతులు.

వెనకబడ్డవాళ్ళకు పాఠాలు మళ్ళీ చెప్పే తాబేలు తాతకు అనుమానమొచ్చింది. "చెరువుకు నిప్పంటుకుందా, అమ్మాయ్?" అని అడిగాడు. బాతు తలూపింది.

తాత నవ్వలేదు. బురదలో ఒక గీత గీసి, మీ ఊరి దారేదని సైగ చేశాడు. బాతు ముక్కుతో కొండలు గీసింది, సముద్రం గీసింది, దారి చూపే చుక్కలు పెట్టింది. చెరువు దాటి ఎరగని కప్పలన్నీ మూగాయి. పంతులు ఎంతసేపు చూసినా అంతుపట్టలేదు.

"నాకు అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు," అన్నాడు.

బాతు ఆశ్చర్యంగా తాబేలు వైపు తిరిగి, వచ్చీరాని కప్పభాషలో అడిగింది: "తాతా, ఆ మాట ఇక్కడ అనొచ్చా?"