లెక్కల కంప్యూటరు

పక్క మూత ఊడదీసి చూస్తే, గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిన చోట ఖాళీ గాడి నోరు తెరుచుకుని ఉంది.

అకౌంటెంటు గుండె జారి అరికాళ్ళలోకి దిగింది. ఆట తెరిస్తే బొమ్మ నత్తలా పాకుతోందేమిటా అని మూత తీశాడు, అంతే. టేబుల్ కింద వెతికాడు. అట్టపెట్టెలు దులిపాడు. రెండు ఫ్యాన్లున్న, ఇటుకంత వస్తువది. దొర్లుకుంటూ మంచం కిందికి పోవడానికి గోళీకాయ కాదు.

ఫోన్ మోగింది. ఆఫీసులో స్టోర్ కీపరు. ఆటలో వాళ్ళ జట్టు నాయకుడు.

"గురూ, ఆరింటికి పోటీ. గుర్తుందిగా?"

"ఉంది."

"గొంతేంటి అలా ఉంది? నువ్వు రాకపోతే మిగతా నలుగురం కూడా పోటీలోంచి అవుటే. ఆ తర్వాత నా మొహం చూడకు."

"వస్తాన్లే," అని పెట్టేశాడు. గోడ గడియారంలో అయిదు దాటింది.

పోయిందని అరవడానికి లేదు. దొంగకి తేలు కుట్టినట్టుంది అతని పని. రెండేళ్ళ కిందట, పొద్దస్తమానం ఆటలేనా అని పెద్ద గొడవ జరిగింది. భార్య అతని పాత కంప్యూటర్ని పాత సామాన్లవాడికి వేసేసి, "వచ్చినదానికి టమాటాలు కొన్నాను," అంది. ఈ ఇంట్లో ఇక ఆటలుండవని అతనిచేత ఒట్టు వేయించుకుంది. తప్పితే పుట్టింటికి పోతానంది. అని ఊరుకునే మనిషి కాదు, పోయే మనిషి.

అందుకే కొత్తదాన్ని ఆఫీసు లెక్కల కోసమని చెప్పి తెచ్చాడు. అంతా ఒక్కసారే కొంటే అనుమానం, పైగా జేబు ఒప్పుకోదు. పిట్ట గూడు కట్టినట్టు ఒక్కో భాగమే చేర్చాడు. రంగు దీపాలు మెరిసేవి వద్దనుకుని, బీరువాలాంటి నల్ల డబ్బా తీసుకున్నాడు. ప్రాసెసర్ ఎవరో వాడి అమ్మేసింది. ర్యామ్ ఒక్కటే, రెండోది వచ్చే బోనస్‌కి. అలా మిగిల్చిందంతా ఆ కార్డు మీద పోశాడు. అది ఉంటేనే ఆటల మిషను. ఇప్పుడది నిజంగానే లెక్కల మిషను.

భార్య కుట్టుగదిలో ఉన్నప్పుడే ఆడేవాడు. అదృష్టం బాగుండి, ఆవిడ ఎప్పుడూ కుట్టుగదిలోనే ఉండేది.

నిన్న ఇంటికొచ్చింది బావమరిది ఒక్కడే. వాడికి ఫోన్ చేశాడు.

"ఏరా, నిన్న నా గదిలోకి వెళ్ళావా?"

"వెళ్ళాను బావా, చార్జర్ కోసం. ఏం, ఏమైనా పోయిందా?"

"ఏమీ పోలేదు."

"పోకపోతే నన్నెందుకు అడుగుతున్నావ్?"

"ఊరికే. చార్జర్ దొరికిందా లేదా అని."

"నిన్నటి చార్జర్ గురించి ఇవాళ బెంగపడుతున్నావా? ఒంట్లో బాగానే ఉందా బావా? అక్కకివ్వు ఫోను."

"అక్క కుడుతోంది," అని గబుక్కున పెట్టేశాడు.

కుట్టుగది తలుపు ఎప్పటిలాగే మూసి ఉంది. చెవులకి పాటలు తగిలించుకుని ఆవిడ కూర్చుందంటే ఎవరు పిలిచినా పలకదు. పక్కింటావిడ ఇచ్చిన పరదాలు నెలల తరబడి కుడుతూనే ఉంది. "మీ ఆవిడ వాటిని కుడుతోందా, నేస్తోందా?" అని పక్కింటావిడ ఈమధ్యే ఎత్తిపొడిచింది. దానికి తోడు మొన్న ఆ గదిలోంచి కాలిన వాసన వచ్చి ఇంట్లో కరెంటు పోయింది. ఇస్త్రీపెట్టె కాలిందని భార్య చెప్పింది. పాపం, ఇస్త్రీపెట్టె మీద దిగులుతో ఆ పూట అన్నం కూడా ముట్టలేదు.

మళ్ళీ వచ్చి డబ్బాలోకి టార్చి వేశాడు. తీసింది ఆషామాషీ మనిషి కాదు. కార్డుని పట్టి ఉంచే కొక్కెం చెక్కుచెదరలేదు. అనుమానం రాకుండా, కార్డు లేకున్నా తెర వెలిగేలా, తెర తీగని బోర్డుకి మార్చి తగిలించారు. వేలాడే కరెంటు తీగని చక్కగా మడిచి దారంతో కట్టారు.

నీలం దారం.

పక్కింటావిడ పరదాలు కూడా నీలమే.

భార్యకి తెలిసిపోయింది. ఎవరినో పిలిపించి తీయించింది. ఈపాటికి కార్డు పాత సామాన్లవాడి బస్తాలో ఉంటుంది. లోపల ఆవిడ కుట్టడం లేదు, బట్టలు సర్దుకుంటోంది. పోటీ సంగతి దేవుడెరుగు, ముందు కాపురం నిలబడాలి.

తలుపు తట్టాడు. మూడోసారికి ఆవిడ తలుపు సందులోంచి బయటికొచ్చి, వెంటనే దాన్ని మూసేసింది. హెడ్‌ఫోన్స్ మెడలో వేలాడుతున్నాయి.

"ఏంటండీ, పనిలో ఉన్నాను."

"నీతో ఒక మాట చెప్పాలి."

"కాసేపాగి చెప్పకూడదూ?"

"ఆగితే చెప్పలేను. అది లెక్కల కంప్యూటరు కాదు. ఆటలది. ఒట్టు తప్పాను."

"తెచ్చినరోజే తెలుసు," అంది ఆవిడ. "లెక్కలకి అంత పెద్ద పవర్ సప్లయ్ ఎందుకండీ?"

భయంలో ఆ మాట అతని బుర్రకెక్కలేదు. "అయితే కార్డు తీసింది నువ్వేనా?"

"నేనే."

"పారేశావా? అమ్మేశావా? తిట్టు, పడతాను. పుట్టింటికి మాత్రం పోకు."

ఆవిడ తల దించుకుంది. కాలి బొటనవేలితో గచ్చు మీద ఏదో రాసింది.

"అమ్మలేదు. పారేయలేదు."

"మరెందుకు తీశావ్?"

ఆవిడ మూసిన తలుపుకి వీపు ఆనించి, గొంతు బాగా తగ్గించింది.

"మీ పాత కంప్యూటర్లోది మొన్న కాలిపోయిందండీ."