పిల్లి వాటా

చెల్లెలు పిల్లిని ఒళ్లోకి తీసుకుని ఒక్కసారి నిమిరింది. అరచేతి నిండా వెంట్రుకలు వచ్చాయి.

పిల్లి పేరు దూది. మొన్నమొన్నటి దాకా పేరుకు తగ్గట్టే ఉండేది. ఇప్పుడు వీపు మీద, తోక మొదట్లో చర్మం బయటపడింది.

"దానికీ నాకూ ఒకటే రోగంలా ఉందే," అంది కొన్నాళ్లుగా మంచం దిగని అక్క. దిండు మీద రాలిన జుట్టు ఏరి చూపించింది. "ఇద్దరం కలిసి గుండు కొట్టించుకుందాం. ఖర్చు కలిసొస్తుంది."

చెల్లెలు నవ్వలేదు. దిండు దులిపి, పిల్లిని బుట్టలో పెట్టుకుని బయల్దేరింది.

"నాకు ఒళ్లు బాగోలేకపోతే ఏనాడైనా ఇలా పరిగెత్తావా?" వెనక నుంచి అక్క అరిచింది. "నా ఇంట్లో ఉంటూ, నా తిండి తింటూ, సేవలు మాత్రం పిల్లికి!"

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లిని సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, తెల్లకాగితం మీద దులిపింది. పేలు లేవు. చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూసింది. గజ్జి పురుగు లేదు. లైటు తీసేసి నీలం దీపం పట్టింది. తామరైతే ఆకుపచ్చగా మెరవాలి. మెరవలేదు.

"ఒళ్లు తెగ నాక్కుంటోందా? బెంగతో కొన్ని పిల్లులు నాకి నాకి బోడి చేసుకుంటాయి."

"లేదండి. దానంతటదే ఊడొస్తోంది."

"ఇంట్లో ఎవరికైనా మచ్చలు, జుట్టు రాలడం?"

"లేదండి. ఎవరికీ ఏమీ లేదు."

"అయితే రక్తం తీసి పంపిద్దాం. ఒంట్లో ఏముందో తెలుస్తుంది."

చెల్లెలు పిల్లిని దగ్గరికి లాక్కుంది. "వద్దండి. సూదంటే చచ్చేంత భయం."

"దానికా, మీకా?" డాక్టరమ్మ నవ్వింది. పిల్లి పక్కటెముకలు తడిమాక ఆ నవ్వు ఆగిపోయింది. "బాగా చిక్కిపోయిందమ్మా. ఇలాగే సాగితే బతకదు."

చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది తప్ప నాకెవరూ లేరండి."

"మరి తిండి సంగతి చెప్పండి. దాని గిన్నెలోది కాక ఇంకేమైనా తింటోందా?"

చెల్లెలు లేదనబోయి ఆగింది. పిల్లి మూతి వంక చూసింది.

"మా అక్క... పాలు అడుగున కొంచెం ఉంచి దీనికి పోస్తోందనుకుంటా. గ్లాసు తేవడానికి వెళ్లేసరికి ఇది మూతి నాక్కుంటూ కనిపిస్తుంది. నాకు తట్టనే లేదు."

"అదే అయ్యుంటుంది. చాలా పిల్లులకి పాలు పడవు. ఇవాళ్టి నుంచి ఒక్క చుక్క కూడా పోయనివ్వకండి."

"బొచ్చు మళ్లీ వస్తుందా?"

"పాలు ఆపి చూడండి. వస్తుంది."

దారంతా చెల్లెలు బుట్టలోంచి చెయ్యి తీయలేదు.

సాయంత్రం పాలు పొంగుతుంటే గదిలోంచి అక్క పిలిచింది.

"దూది ఏదే? దాన్నిలా పంపు. దాని వాటా దానికి పడనిదే నాకు గుటక దిగదు."

"ఇక దానికి పోయకక్కా. డాక్టరమ్మ వద్దంది. మొత్తం నువ్వే తాగు."

పిల్లిని పక్కగదిలో పెట్టి గడియ వేసి, చెల్లెలు డబ్బాల వెనక నుంచి పొట్లం తీసి, అక్క గ్లాసులో రోజూ కలిపే పొడి కలిపింది.