డి వరసలో పదిహేడో స్లాటు

"లెగు తాతా. కారు ఎట్టాల."

కొత్త విమానాశ్రయం పార్కింగులో, డి వరస పదిహేడో స్లాటు మధ్యన గొడుగేసుకుని కూర్చున్న ముసలాయన కదల్లేదు.

"ఇక్కడొద్దు బాబూ. కింద నుయ్యున్నాది. పై వరసలో ఎట్టించు."

పార్కింగు సూపర్‌వైజర్ యుగంధర్‌కి ఒళ్లు మండింది. భూములు పోయిన ఊళ్లవాళ్లు వారానికొకరైనా వచ్చి, ఇదిగో మా నుయ్యి, అదిగో మా జీడితోట అని చూపించి కళ్లు తుడుచుకుని పోతుంటారు. ఈయన మాత్రం పది రోజులుగా జిడ్డులా పట్టుకున్నాడు.

"పూడ్సీసినారు కదా. పైన తారు కూడా ఏసీసినారు. ఇంకేటి నీ బాధ?"

"పూడ్సినారు గానీ బాబూ..."

ఇంతలో ఫోను మోగింది. మేనేజర్ మోహనకృష్ణ.

"ఆ పదిహేడో స్లాటు రోజూ ఎందుకు ఖాళీ? విమానాలు దిగితే మనకేం ఒరుగుతుందయ్యా? లోపల షాపులూ, కాఫీలూ, బయట ఈ కార్లూ. మన జీతాలు వీటి మీదే. రేపు కూడా ఖాళీ కనిపిస్తే ఎల్లుండి నువ్వు రానక్కర్లేదు."

ఉద్యోగం దొరికి ఆర్నెల్లే అయింది. నెల్లిమర్లలో ఇద్దరు పిల్లలు. యుగంధర్ ముసలాయన రెక్క పట్టుకుని గేటు దాటించాడు.

"ఒక్క మాట ఇనుకో బాబూ."

"ఇన్నాను లే. ఎల్లు."

మర్నాటి నుంచి ముసురు పట్టింది. మూడో రోజుకి ఆ స్లాటులో తారు బెత్తెడు లోతు కుంగింది. యుగంధర్ కళ్లారా చూశాడు. చూసి, రెండు తట్టల కంకర పోయించి, దాని మీదే కారు పెట్టించాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం విమానం ఆలస్యం. పదిహేడులో ఒక డ్రైవరు కారు సీటు వాల్చుకుని నిద్రపోతున్నాడు.

వానలో తడుస్తూ ముసలాయన గేటు కర్ర కింద నుంచి దూరి పరుగెత్తాడు.

"మళ్లీ వచ్చినాడు. పట్టుకోండి," అన్నాడు యుగంధర్.

అప్పటికే ఆయన కారు తలుపు లాగి, డ్రైవర్ని బయటికి ఈడ్చి, అవతలికి ఒక్క తోపు తోశాడు. డ్రైవరు లేచి తిట్టడానికి నోరు తెరిచాడు.

కారూ, తలుపు పట్టుకున్న ముసలాయనా కలిసి నేలలోకి దిగిపోయారు.

పైకి తీసేసరికి సాయంత్రమైంది. ప్రాణం లేదు.

భార్య గురమ్మ వచ్చి, ఆయన మొహం మీది బురద కొంగుతో తుడుస్తూ కూర్చుంది. యుగంధర్ ఆమె ముందు కూలబడ్డాడు.

"తన నుయ్యని మమకారంతో కూకుంటన్నాడనుకున్నానమ్మా. తప్పయిపోనాది."

గురమ్మ తలెత్తలేదు.

"మాకు నుయ్యేటి బాబూ, సెంటు బూవి నేదు," అంది. "కంట్రాక్టరు తొందరెట్టినాడని, కొట్టీసిన కొబ్బరి మొద్దులు అందులో పడీసి పైన మట్టి కప్పీసినారు. మొద్దులు కుళ్లితే నేల దిగిపోతాది కదా. ఆ పని సేసినోడు మా ఆయనే."