ఒక ముడి, రెండు ముడులు

కూతురు కత్తెర తీసుకుని, రెండు సీసాల మెడలకీ కట్టి ఉన్న దారాలు కత్తిరించి చెత్తబుట్టలో పడేసింది.

“అవెందుకే తీసేస్తున్నావ్?” కుర్చీలోంచి తల్లి కంగారుగా అడిగింది.

“లేబుల్ అంటిస్తున్నానమ్మా. సీసాకి దారం కడితే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది?”

కూతురిది మందుల షాపులో ఉద్యోగం. లేబుల్ లేని సీసా కనబడితే ఆమె చేతులు ఊరుకోవు.

రెండు సీసాల్లోని సూప్ పొడినీ ఒకే సైజు డబ్బాల్లోకి మార్చింది. ఒకదాని మీద ‘అమ్మది - ఉప్పు లేదు’ అనీ, రెండోదాని మీద ‘నాది - ఉప్పు ఉంది’ అనీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

“చూసి వేసుకుంటావుగా?”

“ఆఁ... చూస్తాలే,” అంది తల్లి.

తల్లికి గుండె జబ్బు. కూతురు పొద్దున్నే వెళ్ళిపోతే మధ్యాహ్నం ఒక్కతే తినాలి. వేడినీళ్ళు పోస్తే చాలు కదా అని కూతురు ఇన్నాళ్ళూ అట్టపెట్టె భోజనాలు కొని పడేసేది. మొన్న డాక్టరు ఆ పెట్టె వెనక్కి తిప్పి చూసి కేకలేశాడు.

“ఇది మళ్ళీ పెట్టకండి. ఆవిడకి ఉప్పే విషం.”

ఆ రోజు నుంచీ కూతురికి కంటి మీద కునుకు లేదు. ఉద్యోగం మానలేక, తల్లిని పస్తు పెట్టలేక సతమతమైంది.

అప్పుడు ఆదుకున్నది పై అంతస్తులోకి నెల క్రితం దిగినావిడ. ఎప్పుడు చూసినా ఖాళీ సీసాలు అడుగుతుందని కూతురు ఆవిడకి సీసాలావిడ అని పేరు పెట్టింది.

ఎండబెట్టిన కూరగాయ ముక్కలు, వేయించి పట్టిన పప్పుపిండి, వెల్లుల్లి పొడి, మిరియాలు, చిన్నగా విరిచిన నూడుల్స్. అన్నీ కలిపి రెండు సీసాల నిండా తెచ్చిచ్చింది.

“మూడు చెంచాలు వేసి వేడినీళ్ళు పొయ్యడమే. ఒక ముడి వేసింది అమ్మగారికి, ఉప్పు లేదు. రెండు ముడులది నీకు. దారాలు మాత్రం తియ్యకమ్మాయ్.”

“పేర్లు రాసివ్వచ్చుగా పిన్నిగారూ?”

“రాయడం రాదమ్మా నాకు.”

చదువుకోలేదేమో పాపం, అనుకుంది కూతురు. కానీ ఆవిడ పద్ధతే ఆమెకి గిట్టలేదు. మాట్లాడుతున్నంతసేపూ ఎటో చూస్తుంది. మెట్ల మీద ఎదురై నవ్వితే తిరిగి నవ్వదు. చీకటి పడినా ఇంట్లో లైటు వెయ్యదు. ఇంత పొగరూ, ఇంత పిసినారితనమూ ఒకే మనిషిలో ఎలా పట్టాయో!

లేబుళ్ళు అంటించిన ఐదోరోజు సాయంత్రం కూతురు వచ్చేసరికి తల్లి ఆయాసంతో ఎగశ్వాస తీస్తోంది. కాళ్ళు బాగా వాచిపోయాయి.

అంబులెన్స్ వచ్చింది. అలికిడికి సీసాలావిడ కమ్మీ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

“ఉప్పు లేదని చెప్పి ఉప్పేసిచ్చారా? మా అమ్మని చంపేస్తారా?” కూతురు ఆవిడ మీద విరుచుకుపడింది.

“దారాలు... దారాలున్నాయా అమ్మాయ్?”

“ప్రాణం పోతుంటే దారాలేంటండీ! ఎప్పుడో కోసి పారేశాను.”

సీసాలావిడ ముఖం పాలిపోయింది. ఏదో చెప్పబోయి, నోరు మూసుకుని, మెట్టు మీదే కూలబడింది.

“ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కకండి!” అనేసి వెళ్ళిపోయింది కూతురు.

మూడోరోజుకి గానీ తల్లి తేరుకోలేదు. నర్సు మాత్ర అందిస్తే తల్లి చెయ్యి గాలిలో తడుముకుంది. కూతురు రెండు వేళ్ళు తల్లి ముఖం ముందు పెట్టింది.

“అమ్మా, ఇవెన్ని వేళ్ళు?”

తల్లి ఏడ్చింది.

“ఎప్పట్నుంచి?”

“ఆర్నెల్లయింది. చెబితే ఉద్యోగం మానేసి నా దగ్గర కూర్చుంటావని...”

“మరి ఏ డబ్బాలోది తిన్నావు?”

“చేతికి దొరికింది తిన్నాను. కమ్మగా ఉంది. నా మీద జాలిపడి చిటికెడు ఉప్పేసిందేమో అనుకున్నా.”



“నీకు కనబడదని ఆవిడకి తెలుసా?”

“మొదటిరోజే కనిపెట్టేసింది. నీకు చెప్పనని ఒట్టేయించుకున్నాను.” తల్లి కళ్ళు తుడుచుకుంది. “ఎంత మంచి మనిషో! సీసా కోసం నేను తడుముకుంటుంటే, నేను చిన్నబుచ్చుకోకుండా తనూ తడుముకుంటున్నట్టు నటించేది. చేతులు తగిలి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.”

కూతురు ఉన్నపళంగా ఇంటికి వచ్చింది. కాళ్ళు పట్టుకునైనా క్షమించమని అడగాలి.

మెట్ల కమ్మీకి అక్కడక్కడా దారాలు కట్టి ఉన్నాయి. ఎవరి పిల్లల ఆటో అని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఇవాళ ఆగి చూసింది. మొదటి అంతస్తు దగ్గర ఒక ముడి. తమ గుమ్మం దగ్గర రెండు. పైన మూడు. ఇవి కూడా అమ్మ కోసమే కట్టిందా అనుకుని కుమిలిపోయింది.

సీసాలావిడ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నిచ్చెన మీద ఎలక్ట్రీషియన్ ఉన్నాడు.

“ఇక్కడుండే ఆవిడ...”

“నిన్ననే ఖాళీ చేసి వెళ్ళిపోయారమ్మా.”

“ఎక్కడికి?”

“ఎవరికీ చెప్పలేదట. కొత్తగా దిగేవాళ్ళ కోసం బల్బులు పెడుతున్నాను. ఒక్క గదిలో కూడా లేవు.”

“వెళ్తూ పట్టుకుపోయారా?”

ఎలక్ట్రీషియన్ చేస్తున్న పని ఆపి ఆమెకేసి వింతగా చూశాడు.

“పుట్టినప్పటి నుంచీ చూపులేని మనిషికి బల్బులెందుకమ్మా?”